అక్క గొంతుతో

గ్లాసులో నీళ్ళు వణుకుతున్నాయి.

పక్కనే బల్ల మీద ఫోన్... తుమ్మెదలా రొద పెడుతోంది.

కిటికీ అవతల వాన.

గొంతు మార్చి మాట్లాడితే నన్ను పట్టుకోగల మొనగాడు ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. నేను కాకిలా అరిస్తే కాకులు నాకు పెళ్ళి సంబంధాలు తెస్తాయి. డిపో మేనేజర్‌లా దగ్గితే నిద్రపోతున్న బస్సులు వాటంతటవే స్టార్టవుతాయి.

ఎవరి గొంతుతో ఫోన్ చేసినా అక్క మాత్రం మొదటి "హలో"కే పట్టేస్తుంది.

"ఒరేయ్, పెట్టేయ్ ఫోను."

ప్రతిసారీ.

అక్క సిటీ బస్సు నడుపుతుంది. ఊరంతా ఎక్కుతుంది, ఊరంతా దిగుతుంది. ఎక్కాల్సిన ఒక్క బుల్లి ప్రయాణికుడు మాత్రం... ఏ స్టాపులోనూ కనపడడు.

మొదటిసారి వైద్యానికి బావ బైకు పోయింది, అక్క గాజులు పోయాయి. కడుపు నిలవలేదు. ఇద్దరూ ఆ సంగతి ఎత్తరు. వాన గురించి మాట్లాడుకుంటారు.

తర్వాత ఒకరోజు డిపోలో ఆడవాళ్ళంతా మేనేజర్ గదిలోకి వెళ్ళి నిలబడ్డారు — పిల్లల కోసం చేయించుకునే వైద్యాన్నీ ఇన్సూరెన్సులో చేర్చమని.

"పిల్లల్లేకపోవడం జబ్బెలా అవుతుందమ్మా?" అన్నాడాయన, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"ఆ అద్దాలు ఇన్సూరెన్సులో వచ్చినవే కదా సార్. చూపు ఆనకపోవడం జబ్బా మరి?" అంది అక్క.

ఆయన కళ్ళజోడు పెట్టుకోవడం మర్చిపోయాడు.

చేర్చారు. ఈ నెల నుంచే. కానీ ఇదివరకే ఒకసారి చేయించుకున్నవాళ్ళకి ఇస్తారో లేదో చూసి చెబుతామన్నారు. ఇవ్వకపోతే — అమ్మడానికి ఇంట్లో మిగిలింది నేనే. నన్నెవరూ కొనరు.

ఫోన్ మోగుతూనే ఉంది.

అక్క స్పీకర్‌లో పెట్టింది.

"ఇన్సూరెన్సు ఆఫీసు నుంచండీ..."

"ఒరేయ్, పెట్టేయ్ ఫోను!"

కట్ చేసి తలెత్తింది. ఎదురుగా నేను. నోటినిండా అరటిపండు.

వాన కూడా ఒక్క క్షణం ఆగినట్టుంది.

మళ్ళీ మోగింది.

"సారీ అండీ... మా తమ్ముడనుకున్నాను."

"పర్లేదు మేడమ్. మీ కాగితాలు పై ఆఫీసర్ చూస్తున్నారు. సాయంత్రంలోగా చెబుతాం. రోజూ ఫోన్ చేసి అలా ఏడవకండి మేడమ్... నిన్న మీరు పెట్టేశాక నాకు ముద్ద దిగలేదు."

అక్క ఒక్కరోజూ ఫోన్ చేయలేదు.

అక్క ఏడవగా నేనెప్పుడూ చూడలేదు.

మెల్లగా నా వైపు తిరిగింది.

కాకిలా అరిచి పారిపోదామనుకున్నాను. రాలేదు... ఏ గొంతూ రాలేదు. నాదొక్కటే మిగిలింది.

"గొంతు నీదేనక్కా," అన్నాను. "ఏడుపు నాది."

అక్క గ్లాసు చేతిలోకి తీసుకుంది. తాగలేదు.

కిటికీ అవతల వాన.

బల్ల మీద ఫోన్... కదలడం లేదు.

గ్లాసులో నీళ్ళు మాత్రం — వణుకుతున్నాయి.