చిక్కుళ్ళు ఇల్లు మారిన రోజు

పొద్దున ఏడున్నరకి బడి వెనక గేటు కిర్రుమంటే వంటాయన తలెత్తి కూడా చూసేవాడు కాదు. వచ్చేది టేపు పెద్దమ్మే. ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషి, మిషను తొక్కడం మానేసి నాలుగేళ్ళయినా మెడలోంచి కొలత టేపు దిగలేదు. నా అన్నవాళ్ళు లేరు. ఒంటి గదిలో అద్దెకుంటూ, రోజంతా గోడలతో మాట్లాడలేక, ఈ ఏడాది పసిపిల్లల బడి వెనకున్న ఖాళీ జాగాలో చిక్కుడు తోట వేసింది. మొక్కకీ మొక్కకీ మధ్య జానెడు జాగా టేపు పెట్టి కొలిచి మరీ నాటింది. ఆరు వరసలూ అంచు కుట్టినట్టు కుదిరాయి.

బడిలో నలభై మంది పిల్లలు. ఒక్కొక్కరికీ ఒక్కో పాదు. కాయ ముదిరి గింజ పట్టాక, అందరూ కలిసి వలిచి, వంటాయన ఉడకబెట్టి పెట్టాలని ఒప్పందం. పిల్లలు పొద్దున చెప్పులు విప్పడం కన్నా ముందు తోటలోకి పరుగెత్తి, తమ పాదుకి ఎన్ని కాయలొచ్చాయో లెక్క చూసుకునేవాళ్ళు. లెక్క ఇరవై దాటితే మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేవాళ్ళు.

చిక్కు ఒక్కటే. చిక్కుళ్ళు కాలు నిలవని జాతి. మధ్యాహ్నం పిల్లలు పడుకోగానే అవి వేళ్ళు మట్టిలోంచి తీసుకుని, తీగలు కాళ్ళకి అడ్డంపడకుండా పైకెత్తి పట్టుకుని, గేటు వైపు నడిచేవి. నాలుగు గంటలకి పెద్దమ్మ వెళ్ళి చూసేసరికి వరసలన్నీ చెదిరిపోయి ఉండేవి.

"ఇవాళ ఎంత దూరమక్కా?" అని వంటాయన కిటికీలోంచి అడిగేవాడు.

"మూరెడు. ఆ చివరిదైతే మరీ బరితెగించింది, రెండు మూరలు పోయింది."

"పోనిద్దూ, వయసులో ఉన్నాయి. కాస్త అటూ ఇటూ తిరగనీ."

"పోనివ్వడమేంటి తమ్ముడూ? వరసన్నాక వరసే. ఇవాళ వదిలేస్తే రేపు రోడ్డెక్కుతాయి."

ఆవిడ కొంగు దోపి, ఒక్కో పాదునీ పెకలించి, మందలిస్తూ తీసుకొచ్చి పాత గుంటలో పాతి, మట్టి గట్టిగా అదిమేది. కొన్ని ఆవిడ మణికట్టుకి తీగ చుట్టి వదిలేవి కావు. "మారాం చెయ్యకండి, నాకు నడుం నొప్పి" అని వేలు వేలుగా విప్పుకునేది. ఇలా ముప్పై రోజులు. పట్టుదలలో ఎవరూ ఎవరికీ తీసిపోలేదు.

బడి తోటల్లో పండినదేదైనా పిల్లల కంచంలోకి రావాలంటే ముందు పరీక్ష జరగాలి. అందుకు మోకాళ్ళ దాకా బూట్లు వేసుకున్న ఒకమ్మాయి వచ్చింది. పొడవాటి ఇనప గొట్టం భూమిలోకి దింపి, తొమ్మిది చోట్ల మట్టి తీసి, తొమ్మిది సంచుల్లో పోసింది. గుప్పెడు కాయలు కూడా కోసుకుంది. పిల్లలు అరగంటలో ఆమెకి మట్టక్క అని పేరు పెట్టేశారు. ఆమె కూడా ఆ పేరుకే పలికింది.

పది రోజులకి మట్టక్క కాగితాలు పట్టుకుని వచ్చింది. ఈసారి పిల్లలు పిలిచినా నవ్వలేదు. వంటగదిలో పెద్దటీచరునీ, పెద్దమ్మనీ కూర్చోబెట్టి చెప్పింది.

"బడి కట్టకముందు ఇక్కడ పాత బ్యాటరీలు పగలగొట్టే షెడ్డు ఉండేదట. మట్టి నిండా సీసం. తొమ్మిది సంచుల్లోనూ ఉంది. గింజల్లో కూడా వచ్చింది. కొంచెమే, కానీ పసిపిల్లలకి ఆ కొంచెం కూడా పనికిరాదు."

పెద్దమ్మ కాగితాలు లాక్కుని చూసింది. "కడిగితే పోదా? బాగా ఉడకబెడితే?"

"కడిగితే పైనున్న దుమ్ము పోతుంది పెద్దమ్మా. లోపలికెళ్ళింది పోదు. ఉడికించినా పోదు."

మిగతాది పెద్దటీచరు అందుకుంది. పిల్లలింకా ఒక్క గింజా తినలేదు కాబట్టి గండం గడిచింది. శుక్రవారం సాయంత్రం మనుషులొచ్చి నేలంతా సిమెంటు వేస్తారు. మొక్కలు ఈలోపే తీసెయ్యాలి. ఆమె ఇదంతా మెల్లిగా, పెద్దమ్మ ముఖం చూడకుండా చెప్పింది. తోట పోతే పెద్దమ్మకి పొద్దున లేచి వెళ్ళడానికి చోటు లేదని అక్కడున్న అందరికీ తెలుసు.

మట్టక్క కిటికీలోంచి చూస్తోంది. అప్పుడే చిక్కుళ్ళు నడక మొదలెట్టాయి.

"రోజూ అటేనా పెద్దమ్మా, వెళ్ళేది?"

"రోజూ అటే. గేటు వైపే."

"షెడ్డు గేటుకి ఎదురు మూల ఉండేదట."

పెద్దమ్మ పీట మీద కూలబడింది. "అయ్యో! పారిపోతుంటే చెవి పట్టుకుని ఈడ్చుకొచ్చానే! మణికట్టు పట్టుకుని వేలాడితే మారాం అనుకున్నానే! ముప్పై రోజులు ఆ విషంలోనే నిలబెట్టానే తల్లీ!" అని ఏడ్చింది. మొహం దాచుకోకుండా, చిన్నపిల్లలా ఏడ్చింది.

"మీకెలా తెలుస్తుంది? గొట్టం దింపేదాకా నాకే తెలియలేదు" అంది మట్టక్క. వంటాయన ఆవిడకి మంచినీళ్ళిచ్చి, ఆ తొందరలో ఇంకో గ్లాసు తను తాగేశాడు.

శుక్రవారం మధ్యాహ్నం పిల్లలెవరూ పడుకోలేదు. పెద్దమ్మ వెనక గేటు బార్లా తెరిచింది. "పదండి, మీ ఇష్టమొచ్చిన చోటికి" అంది. ఒక్క పాదూ కదల్లేదు. పాపం, మళ్ళీ పట్టుకొస్తుందని భయం. ఆవిడ వాటికి వీపు తిప్పి, గోడ వైపు మొహం పెట్టి, కళ్ళు మూసుకుంది. అప్పుడు వెనక మట్టి పగిలిన చప్పుడైంది.

వీధిలో చిక్కుళ్ళు ఎడమ పక్కనే, బుద్ధిగా నడిచాయి. వెనక పెద్దమ్మ, ఆ వెనక చేతులు పట్టుకుని నలభై మంది, చివర్న గొట్టం భుజాన వేసుకుని మట్టక్క. బస్సు డ్రైవరు ఆపి దారిచ్చాడు. "కాస్త త్వరగా దాటించండమ్మా, టైమైపోతోంది" అని మాత్రం అన్నాడు. పెట్రోలు బంకు దగ్గర చిక్కుళ్ళు తీగలు ఎత్తి పట్టుకుని పరుగు పెట్టాయి. పార్కులో పూలమడి దగ్గర ఆగి, ఒకటి కాలు పెట్టి చూసి, వెనక్కి తీసుకుంది. మూడు వీధులు దాటాక లాండ్రీ నడుపుకునే ఒకాయన పెరట్లోకి తిరిగాయి.

ఆయన దుప్పట్లు ఆరేస్తున్నాడు. భార్య పోయాక ఆ పెరట్లో తాళ్ళూ తడిబట్టలూ తప్ప ఇంకేం లేవు. నోట్లో క్లిప్పు తీసి, "ఏమండీ, ఇవి మీవా?" అని అడిగాడు.

"నావే. అంటే, ఇప్పటిదాకా నావే."

"ఎన్నాళ్ళుంటాయి?"

"వాటినే అడగాలి."

అప్పటికే సగం పాదులు వేళ్ళు దించేసి గుంజలకి చుట్టుకుంటున్నాయి. ఆయన గడ్డం గోక్కున్నాడు. "సరే, ఆ చివర రెండు తాళ్ళు వాటికొదిలేస్తాను. దుప్పట్ల జోలికి మాత్రం రావద్దనండి."

మర్నాటి నుంచి పెద్దమ్మ పొద్దున ఏడున్నరకి ఆ పెరటికే వచ్చేది. మట్టక్క ఎవరి మాటా నమ్మే రకం కాదు, చిక్కుళ్ళ మాట కూడా. పాత కాయలన్నీ కోయించి మూటకట్టి తీసుకుపోయింది. పెరట్లో తొమ్మిది చోట్ల గొట్టం దింపింది. మట్టి మంచిదేనని కాగితం వచ్చింది. అయినా ఊరుకోలేదు, కొత్త పూత వచ్చి కొత్త కాయ ముదిరాక దాన్నీ పరీక్షకి తీసుకెళ్ళింది. ఆ కాగితం తెచ్చిన రోజు మాత్రం వీధి మొదట్లోనే చెయ్యి ఊపుతూ, బూట్లతో పరుగెత్తుకుంటూ వచ్చింది.

మర్నాడు పెరట్లోనే భోజనాలు. పిల్లలు గింజలు వలిచారు, వలిచినన్ని పారబోశారు, పారబోసినవి ఏరారు. వంటాయన పెద్ద గిన్నె దించి మూత తీయగానే నలభై గొంతులు ఒక్కసారి లేచాయి. పెద్దమ్మకి ఆకలి గుర్తుకొచ్చింది. రెండుసార్లు పెట్టించుకుని తింది. లాండ్రీ ఆయన మూడోసారి పెట్టబోతే వద్దంది కానీ కంచం వెనక్కి లాక్కోలేదు.

సాయంత్రం పిల్లలు వెళ్ళారు, గిన్నెలు వెళ్ళాయి. పెద్దమ్మ కూడా సంచి చంకన పెట్టుకుని బయల్దేరింది. ఆ పెరట్లో రెండు నెలలుగా అడుగు కదపని చిక్కుళ్ళలోంచి ఒక పాదు బయటికొచ్చి, తీరిగ్గా నడిచి, గుమ్మానికి అడ్డంగా నిలబడి వేళ్ళు దించింది. ఆవిడ ఇటు తప్పుకుంటే తీగ ఇటు చాచింది, అటు తప్పుకుంటే అటు చాచింది.

"ఏంటండీ ఇది?" అంది పెద్దమ్మ.

లాండ్రీ ఆయన చేతిలో దుప్పటిని నాలుగో మడతో ఐదో మడతో తెలియకుండా పెడుతూ నేల చూశాడు. "అది చెప్పేదే నేనూ చెబుదామని నెల్నాళ్ళుగా అనుకుంటున్నానండీ. నోరు రావట్లేదు."

పెద్దమ్మ ఈ వయసులో ఇదేమిటనుకుంది. ఆ పాదు కేసి చూసింది. దాన్ని పెకలించడానికి ఈసారి ఆవిడకి చేతులు రాలేదు, మనసూ రాలేదు. చాలా సంతోషంగా ఉంది.

సంచి కింద పెట్టి ఆయన దగ్గరికి నడిచింది.

"ముందు ఆ దుప్పటి ఇలా తెండి. ఆ మూల మీరు పట్టుకోండి, ఈ మూల నేను పట్టుకుంటాను. ఒక్కరివల్ల అయ్యే పనేనా ఇది?"