ఒక్కరు వద్దంటే చాలు

కృపాకర్ "వద్దు" అన్నాడు.

దయారాణి "సరేనండీ" అంది. ఎందుకని అడగలేదు. ముఖం కూడా ముడుచుకోలేదు. మంచం మీద పరిచిన ఉన్ని మేజోళ్ళూ చేతి తొడుగులూ తిరిగి పెట్టెలో సర్దేసి, వంటింట్లోకి వెళ్ళి పులుసుకి చింతపండు నానేసింది.

కృపాకర్‌కి ఏం చెయ్యాలో తోచలేదు. ఇరవై రెండేళ్ళ కాపురంలో ఆమె ఇంత తేలిగ్గా ఒప్పుకున్న మాట ఒక్కటీ లేదు. అజ్మాన్‌లో ఈ ఫ్లాట్ తీసుకునేటప్పుడు పదిహేను రోజులు వాదించింది. కర్టెన్ల రంగు గురించి వారం. అతను పొద్దున్నించీ ఉమ్ అల్ క్వైన్‌లో, తను సూపర్‌వైజర్‌గా ఉన్న అల్యూమినియం ఫ్యాక్టరీలో తిరుగుతూనే ఆమె అడగబోయే ప్రశ్నలకి జవాబులు సిద్ధం చేసుకున్నాడు. ఒక్కటీ పనికిరాలేదు.

"మీ అమ్మకి కోపం వచ్చిందా?" అని కూతుర్ని అడిగాడు.

జెన్నిఫర్ పుస్తకంలోంచి తల ఎత్తలేదు. "కోపం కాదు డాడీ. అది వాళ్ళ గ్యాంగ్ రూలు. కొండ దిగే ముందు ఒక్కొక్కర్నీ అడుగుతారు. ఒక్కరు వద్దన్నా చాలు, ఖలాస్, అందరూ వెనక్కి వచ్చేస్తారు. ఎందుకు వద్దన్నావని ఎవరూ అడక్కూడదు. ఈసారి నీకు కూడా ఓటిచ్చింది. నువ్వు వాడేసుకున్నావు."

"నేను కొండెక్కట్లేదు కదా. నాకెందుకు ఓటు?"

"అది మమ్మీనే అడుగు."

అడగలేదు. అడిగితే తన కారణం కూడా చెప్పాల్సి వస్తుందేమోనని.

దయారాణి దుబాయ్‌లో ఓ పెద్ద ఆస్పత్రిలో ఐసీయూ నర్సు. 2021లో కరోనా కాస్త తగ్గుముఖం పట్టాక ఆస్పత్రి వాళ్ళు నర్సులందరికీ మాల్‌లో ఉన్న మంచు హాలుకి ఉచిత టికెట్లు ఇచ్చారు. కాకినాడ దగ్గర తాళ్ళరేవులో పుట్టి పెరిగిన మనిషి, ఫ్రిజ్‌లో తప్ప మంచు చూడనిది, కాళ్ళకి మంచు మీద జారే స్కీలు కట్టుకుని మొదటిరోజే పదకొండుసార్లు పడింది. పన్నెండోసారి పడలేదు. ఇంటికొచ్చి ఆ సంగతి చెబుతుంటే ఆమె ముఖం చూసి కృపాకర్ కూడా నవ్వాడు. సెలవు దొరికిన ప్రతి శనివారం ఆ హాలుకే వెళ్ళేది. అక్కడే శ్రీజ పరిచయమైంది. వరంగల్ పిల్ల, ఏదో కంపెనీలో ఆఫీసు ఉద్యోగం. తర్వాత కార్గోలో పనిచేసే గుంటూరు జానీ బాషా, బ్యాంకులో పనిచేసే అనీష్. నలుగురూ కలిసి చలికాలంలో నాలుగు రోజులు జార్జియా వెళ్ళడం మొదలెట్టారు. జెండాలు పాతి, హద్దులు గీసి, సిబ్బంది కాపలా ఉండే చోటే స్కీ చేస్తున్నారని కృపాకర్ అనుకున్నాడు.

మొన్న క్రిస్మస్ భోజనాలప్పుడు శ్రీజ నోరు జారింది. "పోయినేడు నాలుగు గంటలు ఎక్కినం అంకుల్, హద్దులు దాటి, ఎవ్వలూ లేని కొండ. తీరా పైకి పోయినంక అక్క వద్దన్నది. మంచు కింద బోలుగ సప్పుడొస్తుందని. మల్ల నాలుగు గంటలు దిగినం. గైడు అక్కకు దండం పెట్టిండు."

బిర్యానీ ముద్ద కృపాకర్ చేతిలోనే ఉండిపోయింది. మంచు చరియలు విరిగి పడే చోటికి భార్య వెళ్ళిందని అతనికి తెలిసింది ఆ క్షణానే. ఆ వారమంతా ఇంట్లో మాటల్లేవు. చివరికి దయారాణే వచ్చి, "చెప్పకపోవడం నా తప్పేనండీ. ఈసారి అడిగే వెళ్తాను. మీరు వద్దంటే వెళ్ళను" అంది. ఇవాళ అడిగింది. అతను వద్దన్నాడు.

రెండు రోజులు గడిచాయి. ఆమె డ్యూటీకి వెళ్తోంది, వస్తోంది, వండుతోంది, నవ్వుతూనే ఉంది. పోట్లాడే మనిషి పోట్లాడకపోతే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో కృపాకర్‌కి అప్పుడే తెలిసింది.

శనివారం పొద్దున్న శ్రీజ ఫోన్ చేసింది. దయారాణి రాకపోయినా మిగతా ముగ్గురూ వెళ్తున్నారట. ఇసుకలో సాధన చెయ్యాలి, అనీష్‌కి జ్వరం, ఒక మనిషి తక్కువయ్యాడు. "అక్కా, సాయానికైనా రా."

"నేనూ వస్తాను" అన్నాడు కృపాకర్. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

ఫలజ్ అల్ ముఅల్లా వైపు రోడ్డు వదిలేసి, ఇసుక దిబ్బల పక్కన కార్లు ఆపారు. ఎండ ఇంకా వేడెక్కలేదు. శ్రీజ అతని చేతిలో అరచేయంత యంత్రం పెట్టింది. బీకన్ అంటారట. కొండ మీద ప్రతివాళ్ళూ ఒకటి ఛాతీకి కట్టుకుంటారు. ఎవరైనా మంచులో కూరుకుపోతే మిగతావాళ్ళ బీకన్లు దాని జాడ పడతాయి. ఇక్కడ మంచు లేదు కాబట్టి ఇసుక.

"అంకుల్, ఆ దిబ్బ అవుతల ఎక్కడన్న మోకాలు లోతున పూడ్సిపెట్టుండ్రి. గుర్తు గిట్ల పెట్టొద్దు. మేం చూడం."

కృపాకర్ బాధ్యత గల మనిషి. అంత విలువైన వస్తువుని ఇసుకలో ఊరికే పడేస్తే పాడవదూ? కారులో టిఫిన్ తెచ్చిన స్టీలు డబ్బా ఉంది. ఇడ్లీలు మూతలోకి మార్చి, డబ్బా తుడిచి, బీకన్‌ని అందులో పెట్టి, వేరే గిన్నె మూత గట్టిగా బిగించాడు. దిబ్బ దాటి, మోకాలు లోతు తవ్వి పూడ్చాడు. చెప్పినట్టే గుర్తు పెట్టలేదు. చేత్తో ఇసుక సర్ది, అడుగుజాడలు కూడా చెరిపేసి వచ్చాడు.

"యల్లా, పదండి!" అన్నాడు జానీ బాషా. శ్రీజ గడియారం నొక్కింది.

ముగ్గురూ చేతుల్లో బీకన్లతో వరసగా నడిచారు. ఐదు నిమిషాలైంది. దయారాణి చేతిలోది ఒకసారి కూసింది, మళ్ళీ ఆగిపోయింది.

"నాది మాట్లాడతలేదు అక్కా. బ్యాటరీ పోయిందా?"

"నాది కూడా సతాయిస్తోంది" అన్నాడు జానీ బాషా. "అన్నా, అసలు పూడ్చారా, కారులోనే మర్చిపోయారా?"

"పూడ్చానయ్యా బాబూ."

ఎనిమిది నిమిషాలయ్యేసరికి కృపాకర్‌కి ఇది నవ్వులాటగా అనిపించలేదు. ఎక్కడ పూడ్చాడో చూపిద్దామని దిబ్బ దాటాడు. ఇసుకంతా ఒకేలా ఉంది. చెరిపిన చేతులు తనవే.

"దయా, స్టీలు డబ్బాలో పెట్టాను" అన్నాడు చిన్నగా.

శ్రీజ నోరు తెరిచింది. దయారాణి మాత్రం ఒక్కసారి అతని వైపు చూసి, "గడియారం ఆపకు శ్రీజా" అంది. "ఇనుములోంచి సిగ్నల్ సరిగ్గా రాదు. ఇందాక నాది కూసింది ఇక్కడే. కడ్డీలు తియ్యండి."

మడతలు విప్పితే నిలువెత్తు దాటే సన్నటి కడ్డీలు. ముగ్గురూ భుజం పక్కన భుజం నిలబడి, ఒక్కో అడుగుకీ ఇసుకలో దించి, తీసి, పక్కకి జరిగి మళ్ళీ దించుతున్నారు. ఎవరూ అరవడం లేదు. కంగారు లేదు. దయారాణి "దించండి" అంటే దించుతున్నారు, "జరగండి" అంటే జరుగుతున్నారు.

కృపాకర్ ఇంతవరకూ భార్యని పనిలో చూడలేదు. ఐసీయూలోకి బయటివాళ్ళని రానివ్వరు. 2020లో ఆస్పత్రి వాళ్ళు నర్సుల్ని హోటల్లో ఉంచినప్పుడు, రోజూ సాయంత్రం కింద గుమ్మం దగ్గర క్యారేజీ పెట్టి, నాలుగో అంతస్తు కిటికీలో కనిపించే చేతికి చెయ్యి ఊపి వచ్చేవాడు. ఆ చెయ్యి పగలంతా ఏం చేస్తుందో తెలిసేది కాదు. ఇవాళ తెలిసింది. ఇడ్లీ డబ్బా కోసం అయినా సరే, అందులో ఒక ప్రాణం ఉన్నట్టే వెతుకుతోంది.

"పదిహేను దాటింది" అంది ఆగకుండానే. ఆ మాట ఎవరికీ చెప్పినట్టు లేదు. మంచు కింద పావుగంట దాటితే బతికే ఆశ త్వరగా తగ్గిపోతుందని జెన్నిఫర్ ఎప్పుడో చెప్పింది. దయారాణి గొంతులో వణుకు కృపాకర్ విన్నాడు. ఆమెకి భయం లేదని, అందుకే వెళ్తుందని ఇన్నాళ్ళూ అనుకున్నాడు. భయం ఉంది. ఎన్నో నిమిషం నుంచి భయపడాలో కూడా ఆమెకి తెలుసు.

ఇరవై రెండో నిమిషంలో కడ్డీ కింద ఠంగుమంది. ముగ్గురూ పారలతో తవ్వారు. డబ్బా పైకి రాగానే దయారాణి ఇసుకలో కూలబడి, ఊపిరి పీల్చుకుని, భర్త వైపు తిరిగింది.

"మనుషులు స్టీలు డబ్బాలో ఉండరండీ."

జానీ బాషా కడుపు పట్టుకుని నవ్వాడు. "అన్నకి మాత్రం ఏ కొండా అక్కర్లేదు. ఉన్నచోటే ప్రమాదం!"

తిరుగు దారిలో కారు దయారాణి నడిపింది. పెద్ద రోడ్డు ఎక్కాక కృపాకర్ అడిగాడు.

"ఎందుకెళ్తావు దయా? నిజం చెప్పు."

"బావుంటుంది కాబట్టి."

"అంతేనా?"

"ముందు అదేనండీ. పైనుంచి ఎవరూ తొక్కని మంచులో దిగుతుంటే, మోకాళ్ళ దాకా మెత్తగా, ఒళ్ళు బరువు తెలీదు. పూతరేకులు ఎందుకు తింటారంటే మీరేం చెప్తారు? ఇంకోటి కూడా ఉంది. నవ్వకండి."

"నవ్వను."

"ఆ కరోనా రోజుల్లో వార్డులోకి వెళ్తావా అని నన్నెవరూ అడగలేదు. అడిగినా వెళ్ళేదాన్నే, అది వేరే సంగతి. ఈ మంచం కాదు ఆ మంచం, ఈవిడకి వెంటిలేటరు, ఆయనకి లేదు. ఎవరి చేతిలోనూ ఏమీ లేదు. నాకు భయమేస్తోందని చెప్పుకోడానికి ఒక మనిషి లేడు. పోయినేడు కొండ మీద కాళ్ళ కింద బోలుగా చప్పుడైంది. నాకు భయమేసింది. వద్దన్నాను. నలుగురు మనుషులు, నాలుగు గంటల కష్టం, నా ఒక్క మాటకి వెనక్కి తిరిగారు. ఎందుకూ అని ఒక్కరూ అనలేదు. దిగుతూ దారంతా ఏడ్చానండీ. సంతోషంతోనే."

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. కృపాకర్ ఆమె వైపు చూడలేదు. ఎదురుగా ఉన్న నీళ్ళ ట్యాంకర్ వెనక అరబ్బీలో రాసిందేదో చదువుతున్నట్టు కూర్చున్నాడు.

"నా భయానికి అక్కడ ఒక లెక్క ఉంది. అందుకే ఈసారి మీ భయానికీ ఉండాలనుకున్నాను" అంది దయారాణి.

"మళ్ళీ అడుగు" అన్నాడు.

"ఏంటి?"

"మొన్న అడిగింది. మళ్ళీ అడుగు."

పచ్చ లైటు పడింది. వెనక ఎవరో హారన్ కొట్టారు. ఆమె కారు ముందుకు నడిపి, పక్కకి తీసి ఆపింది.

"ఏవండీ, వెళ్ళనా?"

అతను జవాబుకి సమయం తీసుకున్నాడు. ఆమె తొందరపెట్టలేదు.

"భయంగానే ఉంది. మొన్నెంత ఉందో అంతే ఉంది. కానీ ఆ హోటల్ కింద నించున్నప్పుడు నన్ను కూడా ఎవరూ అడగలేదు. ఈసారి నువ్వడిగావు. వద్దనను. వెళ్ళిరా."

దయారాణి ఇసుక అంటిన చేత్తోనే అతని చెయ్యి పట్టుకుంది.

ఆమె జార్జియా వెళ్ళిన మూడో రోజు, హద్దులు దాటి ఎక్కే రోజు. పైన ఫోన్ పనిచేయదని ముందే చెప్పింది. కృపాకర్ ఫ్యాక్టరీలో తూకం వేసిన కడ్డీల్నే మళ్ళీ తూకం వేయించాడు. వెంకట్రావు అనే పాత పనివాడు, "సార్, ఇంటికెళ్ళి కాసేపు పడుకోరాదా" అన్నాడు. వెళ్ళలేదు. మధ్యాహ్నం ప్రార్థన చేసుకుందామని కళ్ళు మూసుకుంటే, ఏమని అడగాలో తెలియక, ఆమె పేరొకటే అనుకున్నాడు.

మూడింటికి ఫోన్ మోగింది.

"కిందికొచ్చేశామండీ. అందరం బావున్నాం."

అతను గోడకి ఆనుకున్నాడు. "దేవా" అన్నాడు. "ఎలా ఉంది? బాగా దిగారా?"

"లేదండీ. సగం ఎక్కాక ఎండ ఎక్కువైంది, మంచు మెత్తబడిపోయింది. నేనే వద్దన్నాను."

"అయ్యో!" అన్నాడు కృపాకర్.

అన్నాక ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని ఆగిపోయాడు. అవతల దయారాణి కూడా ఆగింది. తర్వాత ఆమె నవ్వు వినిపించింది. వెనకాల శ్రీజ "ఏమైంది అక్కా?" అని అడుగుతోంది.

"రేపు ఎండెలా ఉంటుందట?" అని అడిగాడు కృపాకర్.