తెర పడిన తర్వాత

షరీఫ్ టీవీ వెనక మూత విప్పి, లోపలి దుమ్మును బ్రష్షుతో దులిపాడు. కాలిన వాసన వచ్చింది. నలభై ఆరేళ్ల మనిషి. ముంజేతుల నిండా టంకం చిట్లి పడిన మచ్చలు. జమ్మలమడుగు పాత బస్టాండు దగ్గర అతని కొట్టు. ఈ పల్లెలో వీధికి అటు ఇంట్లోకీ, ఇటు ఇంట్లోకీ వెళ్లగలిగేది అతనొక్కడే. ఈ ఇంటి మాట ఆ ఇంట్లో అనడు. అందుకే ఇన్నాళ్లూ బతికాడు.

"అయితాదా షరీపూ?" మంచం మీంచి సుశీలమ్మ అడిగింది.

"పార్టు కాలిపోయిందమ్మా. ప్రొద్దుటూరు నుంచి తేవల్ల. రేపే."

"రేపు నాకెందుకు? సీరియల్ ఆఖరి భాగం ఈ పొద్దు రెండింటికి."

తిరునాళ్లలో ఏటా ఆడిన పాత నాటకమే దానికి మూలం. ఒక తల్లి కొడుకులిద్దరూ పొలం కోసం ఒకరినొకరు పొడుచుకుంటారు. రెండు శవాల నడుమ తల్లి నిలబడగానే తెర పడుతుంది. ఆ తర్వాతి కథను ఇప్పుడు టీవీవాళ్లు సీరియల్‌గా తీశారు.

నాటకానికి మైకుసెట్టు షరీఫ్ తండ్రిదే. పదకొండేళ్ల కిందట తెర పడకముందే జనంలో బాంబులు పేలాయి. సుశీలమ్మ పెద్దకొడుకు పోయాడు. మరుసటేడు ఎదురింటి రాజమ్మ భర్త పులివెందుల దారిలో శవమై దొరికాడు. రెండిళ్లూ రెండు పార్టీలయ్యాయి. నాటకం ఆగిపోయింది.

"ఆ తల్లి తర్వాత ఏం చేసిందో తెల్సుకోని పోదామని ఉండాది," అంది సుశీలమ్మ. డాక్టర్లు ఇంటికి పంపేసి వారమైంది.

షరీఫ్ సంచీ సర్దుకుని బయటికొచ్చాడు. వీధి మధ్య ఎండలో కాసేపు నిలబడి, ఎదురింటివైపు నడిచాడు. అరుగు మీద ఇద్దరు కాపలా మనుషులున్నారు. లోపల రాజమ్మ కందులు చెరుగుతోంది.

"అక్కా, ఆయమ్మ టీవీ కాలిపోయింది." సంచీ కింద పెట్టాడు. "రేపటిదాకా ఉంటాదో లేదో. సీరియల్ చూడల్లంటాంది."

చాట ఆగింది. "నన్నేం చేయమంటావు?"

"ఏం చేయమనడంల్యా. చెప్పినా, అంతే."

కాపలా మనిషొకడు లేచి గుమ్మంలోకి వచ్చాడు. తన పని అయిపోయిందనుకున్నాడు షరీఫ్.

"మా టీవీ తీస్కపో," అంది రాజమ్మ. కొంగుతో చేతులు తుడుచుకుంది. "ఉండు, నేనూ వస్తా. నేను మాత్రం చూడొద్దా?"

టీవీని రొమ్ముకు ఆనించుకుని షరీఫ్ వీధి దాటాడు. గుమ్మంలో సుశీలమ్మ చిన్నకొడుకు ఆదినారాయణ నిలబడి ఉన్నాడు. టీవీని చూశాడు, వెనకున్న రాజమ్మను చూశాడు.

"గడప ఎత్తుగా ఉండాదప్పా, చూస్కో," అంటూ రెండో వైపు పట్టుకున్నాడు.

సీరియల్లో ఆ తల్లి చివరికి పొయ్యి వెలిగించింది. విధవలైన కోడళ్లిద్దరికీ పక్కపక్కనే ఆకులు వేసి అన్నం వడ్డించింది.

"అంతేనా?" అంది సుశీలమ్మ.

"అంతే, పెద్దమ్మా," అంది రాజమ్మ.

"ఇంత మాత్రానికి మనకు పదకొండేళ్లు పట్టెనే!" నవ్వి, నీళ్లడిగింది. రాజమ్మ ఆమె తల పట్టి తాగించింది. టీవీలో పాట అయ్యేసరికి సుశీలమ్మ ఊపిరి ఆగిపోయింది.

ఆదినారాయణ ఏడుపు విని ఎదురింటి మగవాళ్లు వీధిలోకి వచ్చారు. బాంబు పడుతుందేమోనని షరీఫ్ అలవాటుగా చెవులు మూసుకోబోయాడు. వెదుళ్లు నరుకుతున్న చప్పుడు వినిపించింది. పాడె కడుతున్నారు, రెండిళ్లవాళ్లూ కలిసి. గోడకు ఆనుకుని కూలబడి, చాలా ఏళ్ల తర్వాత నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు.

పొద్దు వాలకముందే పాడె లేచింది. స్నానం చేయాలని రాజమ్మ గబగబా వీధి దాటి ఇంటికి పోయింది. సుశీలమ్మ ఇంటి గడప పక్కన, ఆ ఇంటివాళ్ల చెప్పుల మధ్య, రాజమ్మ చెప్పులు అలాగే ఉండిపోయాయి.