మోకు ఎవరు కోశారు

నేను ఒక లంగరును. మనుషులు నన్ను నీళ్లలోకి విసిరి, ఇక భయం లేదనుకుని నడుం వాలుస్తారు. నన్ను నమ్మామనుకుంటారు గానీ, వాళ్లు నమ్మేది నాకు కట్టిన మోకుని. ఆ మోకు పై కొసన ఎవరి చెయ్యి ఉందో అడుగున ఉన్న నాకు ఎన్నడూ కనిపించదు. అందుకే నాకు మనుషుల మీద అనుమానం ఎక్కువ.

విరగ్గొట్టిన ఓడ ఇనుముతో, చేపల రేవు వెనక కొలిమిలో ఒక కమ్మరి నన్ను చేశాడు. నడుమ ఒక కాడ, చుట్టూ నాలుగు కొక్కేలు. బడే అప్పన్న నన్ను కొని తన మరపడవలో వేసుకున్నాడు. ఆ పడవ నడిపే సరంగు కొర్లయ్య. ఇద్దరిదీ ఒకే పేట, ఒకే కంచం.

ఒక ఆషాఢం మధ్యాహ్నం సముద్రం రేగింది. రేవు కళ్లముందే ఉంది, లోపలికి పోయే వీలు లేదు. రేవు గోడ బయటే నన్ను దించారు. నేను ఇసుకలో దిగబడి గట్టిగానే పట్టాను. కాసేపటికి మోకు ఉన్నట్టుండి వదులైంది. నాకు తెలిసింది అంతే. పడవ రేవు గోడ రాళ్లకు కొట్టుకుని చెక్కలైందనీ, అప్పన్న పోయాడనీ, కొర్లయ్య ఒక్కడే రాళ్ల మీదికి పాకాడనీ రెండు నెలల తర్వాత, ఎవరి వలకో చిక్కి ఒడ్డుకు వచ్చాక విన్నాను.

నా మెడకు ఇరవై బారల మోకు మిగిలింది. దాని కొస పీచులు లేచి లేదు, నున్నగా ఉంది. కత్తి కోత. పేట పేటంతా వచ్చి ఆ కొస తడిమి చూసింది.

"మోకు లాగీసి పడవ ముక్కు ములిగిపోతంటే కోసాను," అన్నాడు కొర్లయ్య. "కొయ్యకపోతే అక్కడే ములిగిపోదుము."

ఎవరూ నమ్మలేదు. నేనూ నమ్మలేదు.

అప్పన్న భార్య గున్నమ్మ నన్ను ఇంటికి తీసుకుపోయి వాకిట్లో పెట్టుకుంది. రెండేళ్లకు కొత్త పడవ కట్టించి, కొత్త మోకుతో నన్ను అందులో వేసింది. దానికి సరంగుగా కొర్లయ్యనే పెట్టుకుంటే అంతా నోళ్లు వెళ్లబెట్టారు.

"కళ్ల ముందుంటే ఏదో ఒకనాడు నోరు జారతాడు," అంది చెల్లెలితో.

పడవ ఒడ్డుకు వచ్చిన ప్రతిసారీ అందులో పనిచేసే కళాసీలను పక్కకు పిలిచి, అతను ఏం మాట్లాడాడో అడిగేది. నేనూ కనిపెట్టి చూసేదాన్ని. కొర్లయ్య నా వంక నేరుగా చూసేవాడు కాదు. తప్పు చేసినవాడు అంతే అనుకున్నాను. దుఃఖం ఉన్నవాడు కూడా అంతేనని అప్పట్లో నాకు తోచలేదు.

మూడో ఏడు కార్తీకంలో రేవు మీద పదో నంబరు తుఫాను ప్రమాద సూచిక ఎగరేశారు. పడవలన్నీ జెట్టీని ఆనుకుని, ఒకదానినొకటి ఒరుసుకుంటూ నిలబడ్డాయి. కళాసీలు ఇళ్ల కప్పులు కట్టుకోవడానికి పోయారు. కొర్లయ్య ఒక్కడే మిగిలాడు.

"ఇక్కడుంటే ఒకదానికొకటి గుద్దుకుని ముక్కలైపోతాయి వదినా," అన్నాడు. "రేవు మద్దెలో లంగరేసుకుందాం."

"జెట్టీ కాడ ఉంటే బయ్యమా నీకు? బయటికి పట్టుకుపోదామనా?" అంది జెట్టీ మీద నిలబడ్డ గున్నమ్మ.

"నమ్మకం లేపోతే నువ్వూ ఎక్కు."

ఆడవాళ్లు పడవ ఎక్కడం ఆ పేటలో లేదు. గున్నమ్మ చీర దోపుకుని ఎక్కింది. రేవు మధ్యలో నన్ను దించారు. బురదలో కొక్కేలు నాటాను. సాయంత్రం కాకముందే మోకు మళ్లీ వదులైంది.

మళ్లీ కోశాడు, ఈసారి ఆమెను కూడా ముంచాడు అనుకున్నాను.

వారం తర్వాత గజ ఈతగాళ్లు నన్ను జెట్టీ మీదికి లాగారు. కొస నున్నగా ఉంది. జెట్టీ పక్కన కట్టిన పడవల్లో పద్నాలుగు అడుగంటిపోయాయి. గున్నమ్మ పడవ లోపలి పాయలో చెక్కు చెదరకుండా ఉంది. ఆమె జనం ముందు నిలబడి చెప్పింది.

"కట్లు తెగిన సరుకుల బార్జీ ఒకటి మా మీదికి వొచ్చీసింది. కొర్లయ్య ఇంజను పట్టుకుని ఉన్నాడు. కత్తి నా ముందరికి తోసీసి, 'నాను కొయ్యను, ఓపాలి కోసింది సాలు, నీ ఇష్టం,' అన్నాడు. నానే కోసాను."

జనం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఎవుడు సూసొచ్చాడు?" అని వెనకనుంచి ఒక గొంతు.

"నాను సూసాను," అన్నాడు కొర్లయ్య.

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుకు గున్నమ్మ మొహం పాలిపోయింది. మూడేళ్లుగా అతని వీపు మీద పడుతూ వచ్చిన చూపులు ఇప్పుడు తన మీదికి తిరిగాయి. జనం పలచబడ్డాక మెల్లిగా అంది:

"ఆ రోజు నిన్ను సూసినోడు ఒక్కడూ లేకపోయాడు గదా."

"ఉన్నాడు వదినా. ఆడు తిరిగి రాలేదు."

ఆమె వంగి నా కొక్కెం ఒకటి పట్టుకుంది. ఎదుటి కొక్కెం అతను పట్టుకున్నాడు. ఇద్దరూ నన్ను లేపి పడవ వైపు నడిచారు.

ఆ ఆషాఢ మధ్యాహ్నం పైన ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. అనుమానం నన్ను పూర్తిగా వదల్లేదు. కానీ ఆ పూట నా బరువు ఇద్దరి చేతుల్లోనూ సమానంగా ఉంది. ఆ ఒక్కదానికి మాత్రం నేను సాక్షిని.