ఎక్కడికి అన్న మాట

బయలుదేరే బండిని ఎక్కడికని అడగరాదు. మెదక్‌లో భూమయ్య మోటారు కార్ఖానాకు అదొక కట్టుబాటు. పని నేర్పిన ఉస్తాద్ హకీం సాబ్ చనిపోయే ముందు రెండే రెండు చెప్పాడు: బండిలో ఉన్న ఐబును, లోపాన్ని దాచకు, పోయే చోటు అడగకు. భూమయ్య రెండింటినీ పాటించాడు.

నిజాం ఏలుబడి ఆఖరి ఏడు జ్యేష్ఠంలో రజాకార్ల లారీకి క్లచ్ బాగుచేసి పంపాడు. అడగలేదు. రెండు రోజులకు లారీ తిరిగి వచ్చినప్పుడు, చెక్కల సందుల్లో మాడిన జొన్న గింజలు కనిపించాయి. వాటి నడుమ ఒక వెండి గజ్జె, చంటిపిల్ల కాలిది. దాన్ని తీసి పనిముట్ల పెట్టెలో పెట్టుకున్నాడు. అడగకపోవడం ఇన్నాళ్లూ మర్యాద అనుకున్నాడు. మర్యాదేనా, లేక తన చెవిలో తాను కుక్కుకున్న దూదా? పెట్టె తెరిచిన ప్రతిసారీ గజ్జె ఆ ప్రశ్న వేసేది. మూసినా ప్రశ్న ఆగేది కాదు.

శ్రావణంలో అదే లారీ మళ్లీ వచ్చింది. అది హకీం సాబ్ కొడుకు సాబిర్ సొంత బండి. రజాకార్ల దళానికి పెద్ద అయిన సాలార్ ఆ బండినీ, దాన్ని తోలడానికి సాబిర్‌నూ లాక్కున్నాడు. దారిలో రెండుసార్లు ఆగిపోయిందని చెప్పి, గంటలో తయారు కావాలన్నాడు.

బానెట్ ఎత్తగానే పెట్రోలు వాసన కొట్టింది. ట్యాంకు నుంచి వచ్చే రాగి గొట్టానికీ ఇంజనుకూ నడుమ జానెడు రబ్బరు పైపు ఉంటుంది. ఇంజన్ వణుకుకు రాగి విరుగుతుందని అక్కడ మెత్తనిది వేస్తారు. ఇన్నేండ్లుగా దాన్ని లోపలి నుంచి పెట్రోలు, బయటి నుంచి వేడి తింటూ వచ్చాయి. చూపుకు నల్లగా నిగనిగలాడుతోంది. గోటితో నొక్కితే లొంగలేదు. రబ్బరు పాడైతే గట్టిపడుతుంది. గట్టిపడ్డది బలపడ్డట్టే కనిపిస్తుంది. భూమయ్య కొద్దిగా వంచాడు. సన్నని పగుళ్లు నోళ్లు తెరిచాయి. ఒక చుక్క జారి, వేడి పొగగొట్టానికి వెంట్రుకవాసి దూరంలో పడింది.

ఊరకుంటే చాలు. ఈ బండి ఎక్కడో ఒకచోట దారిలో అంటుకుంటుంది. కానీ వెనక నిలబడ్డ తుపాకుల వాళ్లు దూకి బతుకుతారు. కాలేది ముందు కూర్చున్న సాబిర్. తన మౌనానికి మరొకడి ఒళ్లు వెల కావడం భూమయ్యకు సమ్మతం కాలేదు. అట్లని కొత్త పైపు వేసి పంపడమూ కాలేదు. ఇక మిగిలింది నోరు ఒక్కటే.

"ఎక్కడికి పోతుంది సాబ్?"

సాబిర్ చేతిలోని గుడ్డ కింద పడింది. సాలార్ నవ్వాడు. మిస్త్రీకి కొత్తగా నోరు మొలిచిందన్నాడు. దాచేదేముందని, శంకరంపేటకన్నాడు. అక్కడివాళ్లు సర్కారుకు కట్టాల్సిన లెవీ ధాన్యం ఇచ్చేది లేదన్నారట. సాయంత్రానికి ఆ ఊళ్లో కప్పు ఉన్న ఇల్లు ఉండదట.

"పైపు పోయింది సాబ్. గిట్లనే తోలితే సాబిర్ కాలుతడు. కొత్తది నా పెట్టెల ఉంది. నేను ఎయ్య."

సరిహద్దులు మూతపడి నెలలైంది. మెదక్ మొత్తం గాలించినా అలాంటి పైపు ఇంకొకటి దొరకదని సాలార్‌కూ తెలుసు. పెట్టె తెరువుమని సాబిర్‌కు హుకుం ఇచ్చాడు. ఆ పని భూమయ్యే చేశాడు. గజ్జె పక్కనున్న పైపును తీసి, బల్ల మీద పెట్టి, తోలు కోసే కత్తితో బెండకాయ తరిగినట్టు నిదానంగా తరిగాడు.

సాలార్ మొహం మాడింది. మిస్త్రీ అబద్ధమాడుతున్నాడనీ, పాతదే ఇనుములా ఉందనీ అరిచాడు. అందరికీ చూపిద్దామని తానే పిడికిలి బిగించి గుంజాడు. పైపు పుటుక్కున విరిగింది. ఊరంతా వెతికి కూడబెట్టిన పెట్రోలు వానమట్టిలోకి ఇంకిపోయింది.

తుపాకీ మడమతో భూమయ్య కుడిచేతి వేళ్లు నాలుగు నలగ్గొట్టారు. ఇంకా అడుగుతవా అన్నాడు సాలార్.

"అడుగుత."

భాద్రపదంలో యూనియన్ సైన్యం వచ్చింది. సాలార్ పారిపోయాడు. లారీ కార్ఖానాలోనే నిలిచిపోయింది. రజాకార్ల మీది కసి తమ మీదికి మళ్లుతుందని, సాబిర్ భార్యాపిల్లలను వెంటబెట్టుకుని శివ్వంపేటలో చుట్టాల ఇంటికి నడిచిపోయాడు.

వారం తిరగకముందే బియ్యం మిల్లు నర్సింగం పదిమందితో వచ్చాడు. భూమయ్య మెడలో బంతిపూల దండ వేశాడు. నలిగిన చేతిని పైకెత్తి అందరికీ చూపించాడు. సైన్యం లారీల వెంట వచ్చిన సరుకులో కొత్త పైపు దొరికిందట.

"నువ్వు మనోనివి భూమన్నా. జర గీ పైపు ఎక్కియ్యి."

భూమయ్య దాన్ని ఎడమచేత్తో వంచి చూశాడు. మెత్తగా ఉంది, పగులు లేదు. తలెత్తి వచ్చినవాళ్లను చూశాడు. చేతుల్లో బరిసెలు, ఒక కిరసనాయిలు డబ్బా.

"ఎక్కడికి?"

"బయలెల్లేటప్పుడు గా మాట అడుగుతరా అన్నా?"

"ఎక్కడికి, నర్సింగం?"

"శివ్వంపేటకు. గాడ నక్కినోళ్లేమన్న సత్తెపూసలా?"

భూమయ్య దండ తీసి బానెట్ మీద పెట్టాడు. కత్తి అందుకున్నాడు. ఉన్న ఒక్క చెయ్యి కూడా పోతుందని నర్సింగం మెల్లగా అన్నాడు.

"పోతే పోనీ. నోరుంటది గద."

పైపును మోకాలి కింద అదిమిపట్టి కోయసాగాడు. ఎడమచేతికి ఆ పని ఇంకా అలవాటు కాలేదు. ముక్కలు వంకరగా వచ్చాయి. అయినా తెగాయి.