నీ మీద భారం

ఆదివారం మధ్యాహ్నం దుకాణం మూసి, కుట్టుబల్ల మీది గుడ్డపేలికలను పక్కకు ఊడ్చి, మామగారు తాను చెక్కిన కొయ్యముక్కల సంచిని బోర్లించారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క రంగు. వంతుల వారీగా ముక్క మీద ముక్క పేర్చి మేడ కట్టాలి. ఎవరి చేతిలో కూలితే వారు ఓడినట్టు. ఆ ఇంట ఒక నియమం అదనం: ఎవరి ముక్కపై తమ ముక్క నిలుపుతున్నారో వారితో "నీ మీద భారం" అనాలి, వారు "మోస్తాను" అన్నాకే చెయ్యి వదలాలి.

"నాకు చూపు ఆనడం లేదు. చివరిదాకా చెయ్యి వణకనివాళ్లదే నా కత్తెర" అని అత్తగారు పందెం కాశారు.

పెద్దకోడలు తలెత్తి కత్తెర వైపు చూసింది. ఆ కత్తెర పట్టి గుడ్డ కత్తిరించేవారి పీట కోసమే ఆమె ఏళ్ల తరబడి కాజాలు కుట్టింది. నిన్నగాక మొన్న వచ్చిన తోడికోడలు ఇప్పుడు దానికి పోటీ!

"చిన్నదాని చెయ్యి చూడండి, వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు!" అత్తగారు మురిసిపోయారు. "పెద్దదానా, నువ్వూ కాస్త చూసి నేర్చుకోవే."

"అదొచ్చిన రోజు నుంచీ నేర్చుకుంటూనే ఉన్నా అత్తయ్యా." పెదవులు నవ్వాయి, కళ్లు నవ్వలేదు.

పాఠకులారా, ఆ మంటకు పుల్ల గీసినదెవరో గమనించారు కదా!

పెద్దకోడలి వంతు వచ్చింది. తన ఎర్రముక్కను అవతలివారికి తిన్నగా కనిపించేటట్టు, తనవైపు మాత్రం అంచున వేలాడేటట్టు నిలిపింది. తరువాతి వంతు చిన్నకోడలిది. ఆమె తన ముక్కను ఆ ఎర్రముక్క పైకి తెచ్చి వంగింది.

"అక్కా, నీ మీద భారం."

కుట్ర పన్నిన పెద్దకోడలి మనస్సు సిద్ధంగానే ఉంది; నాలుకే మొరాయించింది.

"చెప్పవే! పాపం, దాని చెయ్యి గాల్లో ఉంది."

"తొందరపెట్టకండి అత్తయ్యా. అక్క మోస్తానంటే చాలు, నాకు ధైర్యం."

"వద్దే, పెట్టకు! అది మొయ్యదు. కావాలనే వంకరగా పెట్టాను." పెద్దకోడలు తన ముక్కను తానే లాగేసింది. మేడంతా బల్ల మీద కుప్పకూలింది.

"ఎంత కుళ్లే నీకు!"

"ఆగవే," అన్నారు మామగారు భార్యతో. "దాని ముక్కలో వంకర అది చెప్పేసింది. మరి నీ మాటలో వంకర? ఒకదాన్ని పొగడాలంటే రెండోదాన్ని కించపరచాలా?"

అత్తగారు "నిజమే" అంటూ కత్తెరను నిమిరారు. పిదప దానిని పెద్దకోడలి ముందుకు జరిపారు.

"కోశాక గుడ్డ అతకదు. కోయకముందే తప్పు చెప్పే మనిషి కావాలి నాకు. తీసుకోవే... నీ మీద భారం."

కంట నీరు తిరుగుతుండగా పెద్దకోడలు "మోస్తాను" అంది. ఆపైన తోడికోడలి వైపు తిరిగి, "నవ్వుతావేం? రేపటి నుంచి గుడ్డ మడత పెట్టడం నేర్పుతా. ముందు ఈ ముక్కలు ఏరు" అంది.

ఇంటివారిని ఒకరితో ఒకరిని తూచే పెద్దలు, మేడ కూలిన నాడు ముందుగా తమ నాలుకను తరచి చూసుకోవాలి.