స్టార్టర్ పెట్టె మీద గొడుగు

ఆఫీసులో నీ పనేమిటని ఎవరైనా అడిగితే, యంత్రానికి బుద్ధులు చెబుతానంటాను. నవ్వుతారు. నవ్వనీ.

ఏలూరులో రొయ్యల చెరువుల కోసం సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీ మాది. చెరువుల్ని కనిపెట్టుకుని ఉండడానికి మావాళ్లు ఒక ఏఐ ఏజెంటును పెట్టారు. నీళ్లలో ఆక్సిజన్ ఎంతుందో కొలవడం, గట్టు మీది కెమెరాలో చూడడం, ఫోన్ చేయడం, నీళ్లను చిలికి ఆక్సిజన్ పెంచే ఏరేటర్ మోటారు వేయడం, ఇవన్నీ దాని చేతిలోని పనిముట్లు. కానీ ఏది ఎందుకో, ఎప్పుడు వాడాలో, ఎప్పుడు ముట్టుకోకూడదో మనం రాసిపెడితేనే దానికి తెలుస్తుంది. కొత్త కోడలికి వంటింట్లో ఏ డబ్బాలో ఏముందో చెప్పినట్టన్నమాట. ఆ రాసేదాన్ని నేను.

మోటారు గురించి రాసేటప్పుడే మా ఇంజినీరు సుకుమార్‌తో గొడవైంది.

మా వైపు చెరువులో దిగే మనిషి ముందు తన తువ్వాలును గట్టు మీద మోటారు వేసే స్టార్టర్ పెట్టెకు తగిలిస్తాడు. అది కనబడితే ఎంత తొందరలో ఉన్నవాడైనా మోటారు వేయడు. ఈ సంగతి చెప్పగానే సుకుమార్ "తువ్వాలు ఉంటే మోటారు వేయకూడదు" అని ఒక్క ముక్క టైపు చేసి, "అయిపోయిందండి" అన్నాడు.

"ఎందుకు వేయకూడదో రాయొద్దాండీ?"

"దానికి కారణాలెందుకండీ మేడమ్? చెప్పింది చేస్తుంది."

నాకు ఒళ్లు మండింది. బడిలో పాఠాలు చెప్పి వచ్చినదాన్ని. కారణం చెప్పకుండా నేర్పిన లెక్క, పరీక్షలో అంకె మారితే చాలు, బోల్తా కొడుతుంది. ఆ ముక్క కొట్టేసి ఇలా రాశాను:

"చెరువులో దిగే మనిషి స్టార్టర్ పెట్టెకు తువ్వాలు తగిలిస్తాడు. నేను లోపలున్నాను, మోటారు వేయకండి అని గట్టు మీదవాళ్లకు చెప్పడానికి. వేస్తే ఏరేటర్ రెక్కలు మనిషిని చీరేస్తాయి. రొయ్యలు పోతే మళ్లీ వేసుకోవచ్చు. అనుమానం ఉంటే మోటారు వేయకు, ముందు మనిషిని వెతుకు."

"ఇది డాక్యుమెంటేషనా, ఆదివారం ప్రసంగమా అండీ?" అన్నాడు సుకుమార్. అన్నాడే గాని తీసేయలేదు.

దెందులూరు దగ్గర మా నాన్న వరదానంగారి చెరువుకూ ఈ ఏజెంటే కాపలా. నాన్నకు దాని మీద బొత్తిగా గురి లేదు. "నీళ్లలో కాలు పెట్టనిదానికి చెరువు సంగతేం తెలుస్తాదే?" అంటారు. ఫ్యూజు పీకి దిగండి నాన్నా అంటే, తువ్వాలు చాలదా అంటారు.

మొన్న ముసురు పట్టి ఎండ మొహం చూడని ఒక మధ్యాహ్నం, ఆఫీసులో ఉండగా నా ఫోన్ మోగింది. ఏజెంటు.

"ప్రసన్నకుమారిగారూ, మీ నాన్నగారి చెరువులో ఆక్సిజన్ పడిపోతోందండి. మోటారు వేయాలి. కానీ ఆయన నీళ్లలో ఉన్నారేమోనని వేయలేదండి. ఫోన్ ఎత్తడం లేదు. ఎవరినైనా పంపగలరా?"

పక్క చెరువు తాతాజీగారికి ఫోన్ చేశాను. "బాబాయిగారూ, మా నాన్న ఎక్కడున్నారో కాస్త చూడండి" అన్నాను. ఆయన గట్టు వెంట పరుగెత్తుతున్న చప్పుడు వినబడుతోంది. ఆపైన పెద్ద కేక.

"వరదానంగారూ! బయటికి రండి!"

తర్వాత ఆయాసపడుతూ నాతో అన్నారు. "ఉన్నారమ్మా. ఏరేటర్ రెక్కల మధ్య చేతులు పెట్టి, చుట్టుకున్న తాడు లాగుతున్నారు. మోటారు ఎవరూ వేయలేదు కదా? దేవుడున్నాడమ్మా."

నాన్న గట్టెక్కాకే మోటారు తిరిగింది. ఈలోగా ఊపిరాడక అంచుకు తేలిన రొయ్యలు కొన్ని పోయాయి. పోనీ.

అప్పుడు కెమెరా ఫొటో తెరిచాను. అందులో స్టార్టర్ పెట్టె కనబడుతుంది గాని చెరువు లోపల కనబడదు. పెట్టె మీద తువ్వాలు లేదు. వానకు నాన్న దాన్ని తలకు చుట్టుకుని దిగారు. పెట్టెకు వేలాడుతున్నది ఆయన గొడుగు.

గొడుగు గురించి నేను ఒక్క అక్షరం రాయలేదు. సుకుమార్ వచ్చి నా కుర్చీ వెనక నిలబడ్డాడు. ఏజెంటు రాసిపెట్టుకున్నది ఇద్దరం చదివాం.

"తువ్వాలు లేదు. గొడుగు ఉంది. వాన పడుతోంది. వానలో గొడుగు వదిలేసి మనిషి దూరం వెళ్లడు. లోపలున్నానని చెప్పడానికి తువ్వాలు బదులు దీన్ని తగిలించి ఉండవచ్చు. రొయ్యలు పోతే మళ్లీ వేసుకోవచ్చు. మోటారు వేయలేదు."

రొయ్యల మాట నాదే, కోపంలో రాసింది. గొడుగు మాట మాత్రం ఎవరిదీ కాదు. ఎన్నడూ వానలో తడవనిది, వానలో మనిషి గొడుగు ఎందుకు వదలడో ఆలోచించింది. నాకు తెలియకుండానే చేతులు జోడించాను.

"నా ఒక్క ముక్కే ఉండుంటే..." అన్నాడు సుకుమార్.

"అనకండి" అన్నాను.

ఆదివారం ఆరాధన అయ్యాక నాన్నతో పాటు చెరువుకు వెళ్లాను. మిగిలిన తాడు తీయాలి. నేను అడగకముందే ఆయన ఫ్యూజు పీకారు. తువ్వాలు పెట్టెకు తగిలించారు. మెట్టు దిగబోయి ఆగి, స్తంభం మీది కెమెరా వైపు తిరిగి, పాస్టరుగారి ముందు నిలబడినట్టు నిలబడ్డారు.

"దిగుతున్నానండీ" అన్నారు.

ఆ కెమెరాకు మాటలు వినబడవు. ఆ సంగతి నేను ఆయనకు చెప్పలేదు.